అన్నయ్య పక్క కుర్చీ

నిన్న బుకిట్ పంజాంగ్‌లో, చవక తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్తే, ఖాళీగా కనిపించిన ప్రతి కుర్చీ మీదా ఒక టిష్యూ ప్యాకెట్ దర్జాగా కూర్చుని ఉంది. ఈ పరాయి ఊళ్లో అది పెట్టారంటే ఆ చోటు ఎవరిదో అయిపోయినట్టే. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. మనవాళ్లు బస్సు కిటికీలోంచి తువ్వాలు వెయ్యడం లాంటిదే. కడుపులో ఆకలి దంచేస్తున్నా నాకు నవ్వొచ్చింది, మా అన్నయ్య సంఘపెద్ద అయిన ఆదివారం గుర్తొచ్చి.

మా తెలుగు క్రైస్తవ సంఘం వుడ్‌ల్యాండ్స్‌లో ఒక అద్దె హాల్లో కూడేది. జనం పెరిగారు, పాస్టరయ్యగారు ఒక్కరే. షిప్‌యార్డులో దెబ్బ తగిలిన కుర్రాడి దగ్గరికీ ఆయనే వెళ్లాలి, ఐటీ వాళ్లింట్లో బిడ్డకి పేరు పెట్టడానికీ ఆయనే వెళ్లాలి. తోడుగా ఒక పెద్ద కావాలన్నారు. అనడమే ఆలస్యం, ఎవరో వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టేశారు. అయ్యగారు వెంటనే తీయించేశారు. ఆదిమ సంఘాల్లో పెద్దలు అలా రాలేదట. మంచి సాక్ష్యమున్న మనిషిని చూసి, ఉపవాసముండి ప్రార్థన చేసి, తల మీద చేతులుంచి సంఘాన్ని అప్పగించేవారట. మనమూ అలాగే చేద్దామన్నారు.

అందరి నోటా మా అన్నయ్య పేరే వచ్చింది. జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, ఇంటికైనా పోకుండా రోగుల్ని చూడ్డానికి పరిగెత్తే మనిషి. హాల్లో తన పక్క కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఎవరినీ కూర్చోనివ్వడు గానీ, అదేదో చాదస్తమని ఊరుకునేవాళ్లం. పెద్దగా ఉండాలని ఆయనకీ లోపల ఆశే. కానీ పెద్ద అయ్యేవాడు ముందు తన ఇంటిని చక్కగా నడుపుకోవాలి అన్న నియమం ఒకటుంది. ఆయన కూతురు కాలేజీలో చేరాక సంఘానికి రావడం మానేసింది.

“నా ఇల్లే నేను చక్కబెట్టుకోలేదు. సంఘాన్నేం చూస్తానమ్మా? వేరేవాళ్లని చూసుకోమను” అన్నాడు నాతో. ఆ మాటకి వదిన ఏడ్చింది. నేను ఆ మాట అయ్యగారికి చేరవెయ్యకుండా, మేనకోడలికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. “ఓకే అత్తా” అని పెట్టేసింది.

ఆ ఆదివారం అందరం ఉపవాసం. మనవాళ్ల ఉపవాసం సంగతి తెలిసిందే కదా, సాయంత్రానికని చెప్పిన బిర్యానీ మధ్యాహ్నమే వచ్చి మూల కూర్చుంది. ఆ ఘుమఘుమల మధ్య ప్రార్థన మరీ పొడుగైనట్టు నాకొక్కదానికే అనిపించి ఉండదు. తర్వాత అయ్యగారు, ఈయన గురించి ఎవరైనా చెప్పేదుంటే చెప్పమన్నారు. వద్దని చెప్పడానికి అన్నయ్య తల దించుకుని లేచాడు.

“నేను చెప్పొచ్చా?” అని గుమ్మం దగ్గర్నుంచి వినబడింది. మేనకోడలు!

“నేను ఇక్కడికి రావట్లేదు, ఎవ్రీబడీ నోస్. డాడీ ఒక్కసారి కూడా తిట్టలేదు. బట్ ఎవ్రీ సండే పక్క సీట్ నాకు చోప్ చేస్తాడు. అమ్మ పంపే ఫొటోల్లో చూస్తా.”

అన్నయ్య వద్దనలేకపోయాడు. మోకాళ్లూనాడు. అయ్యగారూ, ఇందుకోసమే మన ఊరి నుంచి వచ్చిన సంఘపెద్దలూ ఆయన తల మీద చేతులుంచారు. సంతోషంతో నాకు ఏడుపాగలేదు. మేనకోడలు ఆ కుర్చీ మీది ప్యాకెట్ విప్పి, నాకో టిష్యూ ఇచ్చి, తన చోట్లో తను కూర్చుంది.

అలాగని ప్రతివారం ఏమీ రాదు. వచ్చినప్పుడు వస్తుంది. ఇన్నేళ్లలో కాలం మా దగ్గర్నుంచి చాలా లాక్కుంది గానీ, అన్నయ్య పక్క కుర్చీని మాత్రం లాక్కోలేకపోయింది; ఆ పిల్ల రాని వారాల్లో టిష్యూ ప్యాకెట్ ఇంకా దాన్ని కాస్తూనే ఉంది.