తార్నాక ఇంట్లో దొంగ వేషం

డిగ్రీలో నా పక్క బెంచీలో కూర్చున్న నవీన్ ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తూ, క్యాంపస్ మిత్రులతో కలిసి చేతి డబ్బుతో ఒక క్రైమ్ సినిమా తీస్తున్నాడు. పట్టపగలు ఇంట్లోకి చొరబడిన దొంగ, ఆ తర్వాత ఆ ఇంటి మనిషి పడే అవస్థ, అదీ కథ. దొంగ వేషం వేయాల్సినవాడికి జ్వరం వచ్చింది. "పొడుగున్నవ్ గదా, నువ్వే రా" అని నాకు ఫోన్ చేశాడు.

పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడి నుంచి మెట్రోలో తార్నాక రెండో స్టేషనే. క్యాంపస్ చెట్ల కింద సీను చదువుకుని, పదకొండింటికి ఆటోలో లాలాపేట్ వైపు బయల్దేరాం. కెమెరా సంచులు చూసి డ్రైవర్ కథేంటని అడిగాడు. కథతో పాటు దిగాల్సిన గల్లీ కూడా చెప్పాం. "గా గల్లీల నిరుడు నిజంగనే అయిందన్నా" అన్నాడు. ఏ ఇంట్లోనో మేం అడగలేదు.

ఇల్లు రాధమ్మది. యాభై ఏళ్లుంటాయి, కింద బట్టలు కుడుతుంది, పైగది ఈ మధ్యే నవీన్‌కు అద్దెకిచ్చింది. నవీన్ ఆమెతో 'సినిమా' అని మాత్రమే చెప్పాడట. షూటింగ్ అయ్యేదాకా పక్కింటి సుజాత దగ్గర కూర్చుంటానని వెళ్లింది. నేను ముఖానికి గుడ్డ కట్టుకుని, చేతిలో కత్తితో తలుపు నెట్టాను. ఇల్లాలిగా నటిస్తున్న అనిత కెవ్వున అరిచింది. అదే క్షణంలో వంటింటి గుమ్మంలో రాధమ్మ కనిపించింది. కత్తెర కోసం వెనక తలుపు గుండా వచ్చిందట. నన్ను చూసి గోడకు అతుక్కుపోయింది. నోరు తెరిచింది, శబ్దం రాలేదు.

కత్తి పారేసి, గుడ్డ పీకేసి, నేలమీద కూర్చుండిపోయాను. "అమ్మా, నేను నవీన్ దోస్తును. ఇది ఉత్త అట్ట కత్తి." అనిత ఆమెను కూర్చోబెట్టి నీళ్లు తాగించింది. నవీన్ కెమెరా సర్దేయబోయాడు.

"ఆగు కొడుకా" అంది రాధమ్మ. "నిరుడు దొంగలు గీడనే నా చేతులు కట్టేసిన్రు. అందరు గదే అడిగిన్రు, ఎందుకు అరువలేదని. పోలీసులు అడిగిన్రు, సుజాత అడిగింది. గొంతు పెగలలే బిడ్డా. ఆ పిల్లను అరువనియ్యకు."

మళ్లీ తీశాం. ఈసారి అనిత నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. కెమెరా తెరమీద రాధమ్మ రెండుసార్లు చూసుకుంది. తర్వాత ప్రహరీ దగ్గరికి వెళ్లి పిలిచింది. "సుజాతా, ఒక్కసారి రా. గిది చూడు. నాకు గిట్లనే అయింది."

సాయంత్రం రైల్లో రాధమ్మ మాటలే గుర్తొచ్చాయి. భయపడ్డ మనిషిని మనం సంజాయిషీ అడుగుతాం. గొంతు పెగల్లేదని ఆమె ఏడాదిగా చెబుతూనే ఉంది, ఎవరూ నమ్మలేదు. షూటింగులకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఇల్లు అడిగేటప్పుడు, ఆ ఇంట్లో ఏం తీయబోతున్నారో కూడా పూర్తిగా చెప్పండి.