తొమ్మిదో నంబరు బూట్లు

ఆ ముడి వేసింది నేనే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నదాన్ని, ఆ రోజు పేజీలో మాత్రం "ఇవాళ షాపులో అక్కకి కాలు కాలింది" అని ఒక్క వాక్యం రాసి మూసేశాను. కాల్చింది నూనె. ఆ కాలుని బయటికి రానివ్వనిది నా ముడి. అది రాయడానికి చెయ్యి ఆడలేదు.

డిగ్రీ అయ్యాక ఎక్కడా ఉద్యోగం దొరక్క, రాజమండ్రిలో అప్పుడే కొత్తగా తెరిచిన ఒక ఫాస్ట్‌ఫుడ్ షాపులో కౌంటరు దగ్గర చేరాను. బర్గర్లు, ఫింగర్ చిప్స్, వేయించిన చికెన్ అమ్మేవాళ్లం. ఓనరు గారిది మండపేట వైపు రైసుమిల్లు కుటుంబం. అద్దాల తలుపు, ఏసీ, రంగు రంగుల కుర్చీలు పెట్టించారు. కాలేజీ పిల్లలు ఒక్క కూల్ డ్రింక్ తీసుకుని గంటలు గంటలు కూర్చునేవారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఆర్డరు రాసుకుని వెనక కిటికీలో చీటీ పెట్టడమే పని కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాను.

ఆ కిటికీకి అవతల అక్క ఉండేది. సొంత అక్క కాదు, అలా పిలిచేదాన్ని. భర్త పోయాక కోనసీమలోని ఊరు వదిలి, కూతుర్ని చదివించుకుంటూ ధవళేశ్వరంలో ఒక గదిలో ఉండేది. షాపులో ఫ్రయర్, అదే నూనె మరిగించే తొట్టి, ఆవిడది. చికెన్ ముక్కలు జాలీబుట్టలో వేసి, మరిగే నూనెలోకి దించి, ఎర్రగా వేగాక పైకి తియ్యాలి. పొద్దున పదింటి నుంచి దుకాణం కట్టేసే వరకూ అదే పని.

మా వంటగదిలోకి ఎవరూ చెప్పులతో వెళ్లేవాళ్లు కాదు. షాపు తెరిచిన రోజు పూజ చేయించినప్పుడే, "పొయ్యి దగ్గర చెప్పులేంటండి, లక్ష్మి నిలుస్తుందా?" అన్నారు ఓనరు గారు. మాకెవరికీ అది తప్పుగా తోచలేదు. ఇళ్లలో మేమూ అలాగే పెరిగాం. శుక్రవారం వస్తే అక్క ఫ్రయర్‌ని తళతళలాడేలా తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. తర్వాత ఆ జిడ్డు పలకల మీదే వట్టికాళ్లతో రోజంతా నిలబడేది. ఆవిడ పాదాల నిండా ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న కాలిన మచ్చలు. అడిగితే, "ఇంట్లో పోపు పెట్టేటప్పుడు చిట్లదా ఏంటి?" అని తీసిపారేసేది.

బూట్లు లేకపోలేదు. స్టోరు గదిలో పై అరలో, అట్టపెట్టెల్లో నాలుగు జతలుండేవి. నల్లవి, మడమ పైదాకా వచ్చేవి, అన్నీ మగవాళ్ల తొమ్మిదో నంబరు. ఎవరి పాదమూ కొలవకుండా ఒకేసారి కొనేశారు. లేబరాఫీసు నుంచి తనిఖీ ఉందని తెలిసిన రోజు అవి కిందికి దిగేవి. వాటితోపాటు చేతి తొడుగులు కూడా. గోడకి తగిలించిన మంటలార్పే సిలిండరు మీద దుమ్ము తుడిచేవాళ్లు. ఆఫీసరు వెళ్లిన పావుగంటకి బూట్లు మళ్లీ పెట్టెల్లోకి. పెళ్లికి అద్దెకు తెచ్చిన గిన్నెల్ని కూడా మేము అంత జాగ్రత్తగా వెనక్కి ఇవ్వం.

ఆ రోజు పదకొండింటికి తనిఖీ అన్నారు. అక్కకి బూట్లు వేయమని ఓనరు గారు నాకు పురమాయించారు. స్టోరు గదిలో బియ్యం బస్తా మీద కూర్చుని కాళ్లు చాపింది.

"ఇయ్యి బూట్లా, పడవలా? ఇందులో కూచుంటే గోదారి దాటెయ్యొచ్చు."

"ఆఫీసరు గారు వెళ్లేదాకానే అక్కా."

"వంటింట్లో బూట్లేసుకుంటే లక్ష్మీదేవి ఏవనుకుంటాదే?"

"ఆవిడతో ఓనరు గారు మాట్లాడుకుంటార్లే."

ఇద్దరం నవ్వుకున్నాం. ముందు భాగంలో నాలుగు వేళ్ల ఖాళీ ఉంటే, కౌంటరు మీది కాగితం రుమాళ్లు ఉండలు చుట్టి కుక్కాను. ఆవిడ పుట్టాక ఎప్పుడూ బూట్లు వేసుకోలేదు, లేసులు కట్టుకోవడం రాదు. నడుస్తుంటే ఊడిపోయి ఆఫీసరు ముందు నవ్వులపాలవుతుందని, ముడి మీద ముడి వేసి, దానిపైన ఇంకోటి బిగించాను. మంచిపని చేశానని కూడా అనుకున్నాను.

ఆఫీసరు గారు నెమ్మదస్తుడు. ఫైలు పట్టుకుని వంటగదంతా తిరిగి, "నా కోసం ఆపకండి, రోజూ చేసినట్టే చెయ్యండి" అన్నారు. అక్క బుట్ట ఎత్తి పక్కకి తిరిగింది. నీళ్లు పోయే కాలువ మీద ఇనుప జాలీ ఉంటుంది. బూటు ముందరి ఖాళీ కొస అందులో తట్టుకుంది. పడబోతూ, చేతికందిన ఫ్రయర్ అంచు పట్టుకుంది. బల్ల మీద ఊరికే పెట్టిన ఫ్రయర్, బిగించినది కాదు. ఒరిగింది. నూనె ఆవిడ ఎడమ కాలి మీదుగా జారి తిన్నగా బూటులోకి దిగింది.

నేను కిటికీ దగ్గర నుంచి పరుగెత్తాను. "విప్పమ్మా, విప్పు, విప్పు" అని అక్క నా భుజాలు పట్టి ఊపేస్తోంది. నూనెకి తడిసి లేసు జారుతోంది గానీ ముడి కదల్లేదు. గోళ్లతో లాగాను, పళ్లతో లాగాను. చివరికి ఎవరో ప్యాకెట్లు కోసే కత్తెర అందించారు. లేసు కోసి బూటు లాగితే, నేను కుక్కిన కాగితాలు సలసలా కాగే ఆ నూనె పీల్చుకుని వేళ్లకి అంటుకుపోయి ఉన్నాయి.

ఓనరు గారి కారులో ఆవిణ్ని ఆసుపత్రికి పంపించేశారు. తర్వాత ఆఫీసరు గారు కౌంటరు దగ్గరికొచ్చి, కోసిన ఆ బూటు బల్ల మీద పెట్టారు. ఆయన వెనక ఓనరు గారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డారు, నన్నే చూస్తూ.

"ఈ బూట్లు మీరు రోజూ వేసుకుంటారామ్మా?"

మెత్తగానే అడిగారు. భయపెట్టలేదు. నిజం చెబితే వినేలా ఉన్నారు. అదే ఇప్పటికీ నన్ను వదలదు.

"అవునండి."

"ఇది ఆవిడ సైజేనా?"

"అవునండి."

ఆయన అలాగే రాసుకుని వెళ్లిపోయారు. బూట్లు ఇచ్చారు, రోజూ వాడుతున్నారు, పని మనిషి పరాకుగా నడవడం వల్ల పడింది. కాగితంలో తేలింది అది. కాదని నేను ఒక్క మాట అనుంటే ఆవిడ వైద్యమూ, ఇంట్లో కూర్చున్నన్నాళ్ల జీతమూ ఓనరు గారి మీద పడేవి. ఆయన రెండుసార్లు పళ్లు పట్టుకెళ్లి చూసొచ్చారు. మూడో వారం ఫ్రయర్ దగ్గర ఇంకొకావిడ చేరింది. బూట్లలో మూడు జతలే మిగిలాయి, పెట్టెల్లోకి వెళ్లాయి. ఆ శుక్రవారం ఫ్రయర్‌కి బొట్లు కొత్తావిడే పెట్టింది. చెప్పులు గుమ్మం బయటే.

నేను ఇంకో ఎనిమిది నెలలు అక్కడే చేశాను. ఇంట్లో నా జీతం అవసరమని చెప్పుకునేదాన్ని. అది నిజమే గానీ, అక్క విషయంలో నాకేమీ పనికిరాని నిజం.

కాలు కాలిన రెండు నెలలకి అక్కని చూడ్డానికి ధవళేశ్వరం వెళ్లాను. గుమ్మంలో పీట మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఎడమ పాదం మీద చర్మం ముడుచుకుపోయి, చిన్నవేళ్లు రెండూ అతుక్కుని ఒకటైపోయాయి. ఎక్కువసేపు నిలబడలేనంది. కూతుర్ని బడి మాన్పించి ఒక బట్టల కొట్లో పెట్టానంది, ధర ఎంతో చెప్పినంత మామూలుగా. నేను ముడి మీద ముడి అంతగా బిగించినందుకే కాలు బయటికి రాలేదని చెప్పాలనే బయల్దేరాను. అది వదిలేసి, ఆఫీసరుకి చెప్పిన అబద్ధం సంగతి మాత్రం ఎత్తాను.

"ఆఫీసరు గారు నన్నడిగారక్కా. రోజూ వేసుకుంటామని చెప్పేశాను."

"తెలుసులే. ఓనరు గారు ఆ కాగితం తెచ్చి చదివి వినిపించారు."

"కాదని చెప్పాల్సింది."

"చెబితే నీ ఉజ్జోగం పోయేది." కత్తిపీట పక్కకి జరిపి, చీర కుచ్చిళ్లు పాదం మీదకి లాక్కుంది. "నన్నడిగినా అవుననే అనేదాన్నేమో, ఎవరికి తెలుసు?"

నేను లేచి నిలబడ్డాను. ఆవిడ తలెత్తకుండా ఇంకో వంకాయ చేతిలోకి తీసుకుంది.

"కానీ నన్నెవరూ అడగలేదు కదమ్మా."