దొరసానికి సిమెంటు మర్యాద

ఆ ఉదయం సాధన మధ్యలో మార్తా కుడి కాలు ఆన్చలేక ఆగిపోయింది. "ఏందమ్మాయ్?" అని నేనడిగితే, మోకాలి కింద ఎముక మీద ఒక్క వేలు పెట్టి, "ఇక్కడే అక్కా, పొడస్తా ఉండాది" అంది.

మార్తా జర్మనీ పిల్ల. పందొమ్మిది వందల యాభైల చివర భరతనాట్యం కోసం విడవలూరు దగ్గర మా ఊరికి వచ్చింది. తాళం పట్టి నేర్పేది నేను. బోగోలులో, కావలిలో ఆడి మెప్పించింది. మద్రాసులో మొదటి కచేరీ దగ్గరపడింది. అక్కడ నిలబడితే బతుకంతా నాట్యం, లేకపోతే ఓడెక్కి ఇంటికి పోవడమే.

ఆ నొప్పిని తెచ్చిపెట్టింది మా ఊరి నాట్యసభ ప్రెసిడెంటుగారు. మా నాయన కట్టిన పాకలో పేడతో అలికిన మట్టినేల మీదే అందరం నేర్చుకున్నాం. మట్టి దెబ్బను మింగుతుంది. "దొరసాని పేడలో ఎగరతా ఉంటే మన పరువేం గావాల?" అని, మేము ఊళ్ళో లేనప్పుడు ఆయన సిమెంటు చేయించారు. ఇదేమిటంటే "నీకేం తెలుసు" అన్నారు. ఆ నేల మీదే పుట్టి పెరిగాను, నాకేం తెలుస్తుంది పాపం!

నెల్లూరు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, "నార్మల్. మజిల్ పెయిన్" అన్నారు. ప్రెసిడెంటుగారు పంపిన మర్దనా మనిషి వేడినూనెతో రుద్దాడు. దాంతో నడక కూడా పోయింది. కొన్ని వారాల తర్వాత పెద్ద డాక్టరుగారు రెండో ఎక్స్‌రే చూశారు. "హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, ఎముకలో వెంట్రుకంత పగులు. మొదట్లో ఫిల్ములో కనపడదు. దీన్ని రుద్దించినారా? ఎవరమ్మా ఆ మేధావి?" అన్నారు. ప్లాస్టర్, పూర్తి రెస్ట్. మద్రాసు కచేరీ పోయింది.

పరామర్శకొచ్చిన ప్రెసిడెంటుగారు మంచం పక్కనే నన్ను అడిగారు: "ఇంకో దొరసాని ఎవురన్నా దొరుకుతాదా?" తరతరాలుగా నాట్యమే వృత్తిగా బతికిన మా కులపు ఆడవాళ్ళు ఆడితే అప్రతిష్ఠ అని ఒకప్పుడు నా గజ్జెలు విప్పించింది ఈ పెద్దమనిషే. ఇప్పుడు గజ్జెలకు తెల్లకాళ్ళు వెతుకుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

ప్లాస్టర్ తీశాక మార్తా తొందరపడి రెండడుగులు వేసింది. మళ్ళీ వాపు, మళ్ళీ మంచం. "ఇంక నా కాలు రాదా అక్కా?" అని ఏడ్చింది. మర్నాడే గడ్డపార తెచ్చి సిమెంటు పగలగొట్టాను. ప్రెసిడెంటుగారు లగెత్తుకొచ్చి, "ఎంత మర్యాద చేసినానే, ఇదా నువ్వు చేసే పని!" అన్నారు.

"మీ మర్యాద మీద మీరే ఎగరండి, చూస్తాం" అన్నాను. ఆయన ఎగరలేదు.

ఎముక పూర్తిగా అతికాక మళ్ళీ మట్టినేల మీద సాధన చేసి, మరుసటి ఏడు మార్తా మద్రాసులో ఆడింది. ఇప్పుడు దేశాలు తిరిగి ఆడుతోంది. ఎక్కడికి పిలిచినా ముందు నేల ఏమిటని అడుగుతుంది. ఏటా ఇక్కడికొచ్చి మట్టి మీద సాధన చేసి వెళుతుంది.

చదివేవాళ్ళకు ఒక్క మాట. ఎముక మీద వేలంత చోటే నొప్పి పుడితే ఎవరినీ రుద్దనివ్వకండి. ఆడటం ఆపండి. మొదటి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా, తగ్గకపోతే రెండోది తీయించుకోండి.

పాకలో నేల ఇప్పటికీ నేనే అలుకుతున్నాను. దొరసాని నాట్యం చూడటానికి ప్రెసిడెంటుగారు పట్నం పెద్దలను వెంటబెట్టుకొస్తుంటారు. చెప్పులు బయట విడిచి, ఆ పేడ మీదే కూర్చుంటారు.