గడ్డిబొమ్మ బూడిద

దీవిలోని చర్చిలో దీపాలు, గంటలు, ఊడవడం అన్నీ ఫ్రానిత్సే చూస్తుంది. ఉపవాసకాలం ముందటి ముసుగుల పండగ వచ్చిందంటే కోపంతో ఆమె నడుం మీంచి చేతులు దిగవు. ఊరంతా నూనెలో వేయించిన తీపి ఉండలు మెక్కి, ఆఖరి మంగళవారం ఓ గడ్డిబొమ్మను విచారిస్తుంది. తాగుడు, తగాదాలు, పోయిన కోళ్లు, అన్నీ దాని నేరాలే. తీర్పు చదివి రేవులో కాల్చేస్తారు.

"చేసేది మీరు, కాలేది అదా? పాపసంకీర్తనానికి వచ్చి ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకోమంటే మాత్రం కాళ్లనొప్పులు," అని ఏటా సణుగుతుంది.

ఈసారి బుధవారం పొద్దున్నే ఆమె చేటతో రేవులో బూడిద ఎత్తుతోంది. నిన్న తీర్పు చదివిన రొట్టెల యెర్కో నవ్వాడు.

"ఏంటత్తా, బొమ్మకి కర్మకాండా?"

"ఇవాళ విభూతి బుధవారం, నెత్తిన చల్లే బూడిదకి కాల్చాలి, నిరుటి మట్టల ఆదివారం కొమ్మలు తెచ్చివ్వండని నెల్నుంచీ మొత్తుకున్నాను. ఒక్కడన్నా తెచ్చాడా? ఫాదర్‌కి ఏమివ్వను, నా తలకాయా?"

పూజలో అందరూ వరుస కట్టారు. ఫాదర్ ఒక్కొక్కరి నడినెత్తిన బూడిద చల్లుతున్నాడు. తన వంతు దగ్గరపడగానే యెర్కో, పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఫ్రానిత్స వైపు వంగాడు.

"అత్తా, ఇది ఆ బూడిదేనా?"

"నువ్వు చదివిన నేరాలేరా. తల వంచు."