నా పేరు మీద పదహారు పేజీలు

నేను సెమీకండక్టర్ కంపెనీకి సీఈఓ అయిన రోజున కూడా మా ఊరి లైబ్రరీలో నాకు కార్డు లేదు. ఒకప్పుడు ఉండేది. పదిహేనో ఏట ఆపేశారు. ఎందుకు ఆపారో రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాసి ఉంది: "పదహారు పేజీలు చింపినాడు." నేను చింపలేదు. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు జుట్టు తెల్లబడింది.

మా ఊరు మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మధ్య ఉంటుంది. లైబ్రరీ అంటే పంచాయతీ ఆఫీసు పక్కన రెండు గదులు, ఎనిమిది బీరువాలు, ఒక లైబ్రేరియన్ సారు. నాయిన కోళ్ల ఫారంలో పని చేసేవాడు. మా ఇంట్లో చదవడానికి బైబిల్, కోళ్ల దాణా సంచుల మీది అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. రెండూ అయిపోయాక లైబ్రరీకి పోయాను. కార్డు కావాలంటే ఊళ్లో పెద్దమనిషి ఒకరు జామీను సంతకం చెయ్యాలన్నారు. మా చర్చి పాస్టరయ్య చేశాడు.

ఆ కార్డు మీద నేను ఇంటికి తెచ్చుకున్న మొదటి పుస్తకమే చివరి పుస్తకం కూడా అయింది. ట్రాన్సిస్టర్ల గురించి, రేడియోలు బాగు చేయడం గురించి తెలుగులో రాసిన లావాటి పుస్తకం అది. కొత్తది, ఇంకా జిగురు వాసన పోలేదు. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది టెస్టింగ్ అధ్యాయం. ఒక ట్రాన్సిస్టర్ బతికుందా, చచ్చిందా అన్నది మీటరు పెట్టి ఎలా తేల్చాలో రచయిత పదహారు పేజీల్లో చెప్పాడు. అది అయిపోగానే అదే అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఒక్క అక్షరం మారలేదు. బడిలో సార్లు కూడా ముఖ్యమైన పాఠాన్ని రెండుసార్లు చెప్తారు కదా, ఈయన ఎంత మంచి గురువు అనుకున్నాను. ఆయన రెండుసార్లు చెప్పాడు కాబట్టి నేను నాలుగుసార్లు చదివాను.

విషయసూచికలో దాని తర్వాత ఇంకో అధ్యాయం ఉంది. ట్రాన్సిస్టర్ వేడెక్కితే ఆ వేడిని ఎలా బయటికి పంపాలన్నది. వెతికాను, లోపల ఎక్కడా లేదు. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు బుద్ధిమంతుడిలా నేనే సారుతో చెప్పాను.

"సార్, గీ పుస్తకంల వేడి పాఠం లేదు."

ఆయన వేలు తడి చేసుకుని వెనక నుంచి పేజీలు తిప్పుకుంటూ వచ్చాడు. నూట ఇరవై తొమ్మిదికి ముందు నూట పన్నెండు ఉంది. అక్కడ ఆగిపోయాడు.

"పదారు పేజీలు యాడవోయినయ్‌రా?"

"నాకేం దెలుసు సార్. అందుకే మీకు జెప్తున్న."

"కొత్త పుస్తకం. నీకంటె ముందు ఒక్కడు ముట్టలే. నీకు దెల్వకుంటె ఇంకెవనికి దెలుస్తది?"

"చింపితె నేనే వచ్చి ఎందుకు జెప్త సార్?"

"గదేరా నీ తెలివి," అన్నాడు. "పేజీలు తే, కార్డు తీస్కపో."

పుస్తకం అప్పటికప్పుడే చిరిగిన పుస్తకాల బీరువాలోకి పోయింది. తాళం పడింది. ఆ ఆదివారం పాస్టరయ్య, జామీను సంతకం పెట్టినవాడు కాబట్టి, చర్చిలో ప్రార్థన చేశాడు: "ప్రభువా, లైబ్రరీ పుస్తకం చింపిన మా బిడ్డ మనసు మార్చు." నా పేరు చెప్పలేదు కానీ అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు. మా అమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. రోగుల కోసం చేసే ప్రార్థన తర్వాత, వానల కోసం చేసే దానికి ముందు, నా ప్రార్థన ప్రతి ఆదివారమూ వచ్చేది. వానలు వచ్చిన తర్వాత కూడా నా ప్రార్థన ఆగలేదు.

పుస్తకాలు ఇంటికి ఇవ్వకపోయినా అక్కడే కూర్చుని చదవడానికి అడ్డు చెప్పలేదు. ఎనిమిది బీరువాల్లో ఆరు బీరువాలు చదివాను. ఏడోది చిరిగిన పుస్తకాలది. ఎనిమిదో దాని తాళంచెవి పోయింది. కావలసినవన్నీ నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నాను. నేను పేజీ తిప్పినప్పుడల్లా సారు తల ఎత్తి చూసేవాడు. చప్పుడు కాకుండా పేజీ తిప్పడం నేను అక్కడే నేర్చుకున్నాను. మనిషికి చదువు ఎక్కడ దొరికినా చదువే అని నా నమ్మకం. నాకు బల్ల దగ్గర దొరికింది, కాపలా కింద దొరికింది.

పాలిటెక్నిక్ అయ్యాక నగరంలో చిప్‌లు టెస్ట్ చేసే కంపెనీకి ఇంటర్వ్యూకు పోయాను. పెద్ద ఇంజనీరు టెస్టింగ్ గురించి అడిగాడు. నేను అరగంట ఆగకుండా చెప్పాను.

"మరి వేడెక్కితే ఏం జేస్తవ్?" అన్నాడు.

"ఆ పాఠం మా లైబ్రరీల లేదు సార్."

ఆయన నవ్వీ నవ్వీ దగ్గుపట్టి నీళ్లు తాగాడు. "పొద్దుగాల్నుంచి ఇంతమందిని అడిగిన. తెల్వదని ఒక్కడు జెప్పలే. సోమవారం నుంచి రా."

ఉద్యోగం చేస్తూ సాయంత్రం కాలేజీలో ఇంజనీరింగ్ పూర్తి చేశాను. అక్కడ వేడి గురించి పాఠాలు చెప్పకపోలేదు. కానీ చిన్నప్పుడు ఖాళీగా మిగిలిన చోటు అలాగే ఉండిపోయింది. నాకు అర్థమైందని నాకే నమ్మకం కుదిరేది కాదు. అందుకని ఎవరు ఏ డిజైన్ తెచ్చినా ముందు ఒకే ప్రశ్న వేసేవాణ్ణి: "ఇందులో వేడి ఎటు పోతుంది?" నిజంగా తెలియకే అడిగేవాణ్ణి. కుర్ర ఇంజనీర్లు మాత్రం ఇందులో ఏదో లోతు ఉందనుకుని, రాత్రంతా లెక్కలు వేసుకుని పొద్దున జవాబు తెచ్చేవారు. నేను తల ఊపేవాణ్ణి. అలా నేర్చుకున్నాను.

ఒకసారి వ్యవసాయ మోటార్ల స్టార్టర్ డబ్బాలో పెట్టే చిప్ వచ్చింది. మా దగ్గర అన్ని పరీక్షలూ పాసైంది. గౌడవెల్లిలో ఒక రైతు పొలంలో పెడితే రోజూ మధ్యాహ్నం ఆగిపోయేది. చూడడానికి నేనే పోయాను. రేకు డబ్బా పెనంలా కాలుతోంది.

"మీ చిప్పు మా బర్రె లెక్కనే ఉంది సార్," అన్నాడు రైతు. "ఎండెక్కంగనే పండుకుంటది. బర్రెనైతె చెర్ల దింపుత. దీన్నేం జెయ్యాలె?"

డిజైన్ చేసినవాళ్లను పిలిచి నా ప్రశ్నే వేశాను. డ్రాయింగు పరిచి వెతికారు. వేడి ఎటూ పోవడం లేదు. డబ్బాకు గాలి రంధ్రాలు పెట్టి, చిప్ కింద రాగి పలక వేశారు. మధ్యాహ్నం నిద్ర మానింది. అప్పటినుంచి కంపెనీలో నన్ను వేడి విషయంలో గొప్ప పండితుణ్ణి చేశారు.

సీఈఓ అయింది మాత్రం పాండిత్యం వల్ల కాదు. కంపెనీ నగరంలోని అద్దె మేడ వదిలి శామీర్‌పేట వైపు సొంత షెడ్డుకు మారింది. గాలి జవహర్‌నగర్ చెత్త గుట్ట మీదుగా వచ్చిన రోజున కిటికీ తీస్తే ఎవరూ మీటింగులో కూర్చోలేరు. పాత సీఈఓ రెండు నెలలు ముక్కు మీద రుమాలుతో పనిచేసి బెంగళూరులో ఇంకో ఉద్యోగం చూసుకున్నాడు. ఆ కుర్చీకి అనుకున్న ఇద్దరూ నగరం అంచున ఉన్న యాప్రాల్ దాటి ఇటు రామన్నారు. ఆ గాలిలో కూర్చుని టిఫిన్ తినగలిగింది కోళ్ల ఫారం వాసనలో పెరిగిన నేనొక్కణ్ణే. డైరెక్టర్లు నన్ను ఎంపిక చేశారు. "క్షేత్రస్థాయి అనుభవం" అని కాగితంలో రాశారు.

ఆ ఏడాది గ్రంథాలయ వారోత్సవాలకు సర్పంచ్ ఫోన్ చేశాడు. "సార్, మనూరి లైబ్రరీల సదివి గింత పెద్దోళ్లయిన్రు. శాలువ కప్పుతం."

"శాలువా వద్దు," అన్నాను. "నా కార్డు నాకు ఇప్పించు. అప్పుడే వస్తా."

ఆయన నేను నవ్వులాటకు అంటున్నాననుకున్నాడు. నేను మాత్రం గంట ముందే వెళ్లి కౌంటర్ ముందు నిలబడ్డాను. ఇప్పటి లైబ్రేరియన్ ఒక చిన్న వయసు అమ్మాయి. పాత రిజిస్టర్ తీసి చూసి ఇబ్బందిగా నిలబడింది.

"సార్... మీ పేరు మీద పదారు పేజీలు ఉన్నయి."

"పేజీలు దెచ్చిండా?" అని వెనక నుంచి గొంతు వినబడింది.

పాత సారు! రిటైరై ఎన్నో ఏళ్లయినా రోజూ పేపరుకు వస్తాడట. అదే కుర్చీలో ఉన్నాడు. పేపరు దించకుండానే అన్నాడు: "నా సర్వీసు మొత్తంల పోయిన పుస్తకం ఒక్కటి లేదు. పోయిన పేజీలు పదారు. గవి గూడ నీ తాననే."

యాభై ఏళ్ల మనిషిని, నాలుగు వందల మందికి జవాబు చెప్పేవాణ్ణి. అయినా ఆ కౌంటర్ ముందు మళ్లీ పదిహేనేళ్లవాణ్ణే అయ్యాను. "మేడమ్, ఆ పుస్తకం ఉంటే తీయండి," అన్నాను. ఆమె చిరిగిన పుస్తకాల బీరువాలో చెయ్యి పెట్టి, చీమల మందు వాసనతో పాటు దాన్ని బయటికి తీసింది.

నేను టెస్టింగ్ అధ్యాయం తెరిచాను. "సూడున్రి సార్. నేను చింపే రకమైతె ఇంత మంచిగ సదువుతనా? రచయిత గీ పాఠం రెండుసార్లు రాసిండు. నేను రెండూ సదివిన, నోటుబుక్కుల ఎక్కించిన."

పేపరు దిగింది. "రెండుసార్లా?"

"ముఖ్యమైంది గద సార్."

ఆయన పుస్తకం లాక్కుని వేలు తడి చేసుకున్నాడు. ఈసారి ముందు నుంచి తిప్పాడు. "తొంభై ఏడు... నూట పది... పదకొండు... పన్నెండు." ఆగాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మల్ల తొంభై ఏడు."

లైబ్రేరియన్ అమ్మాయి వంగి చూసింది. "ఇది చింపుడు గాదు సార్. అచ్చేసేటప్పుడు పదారు పేజీలు ఒక్క పెద్ద కాయితం మీద వడ్తయి. దాన్ని మడిచి కుడ్తరు. కుట్టెటోడు ఒక మడత రెండుసార్లు కుట్టి, పక్క మడత మర్చిండు."

సారు నా వైపు తిరిగాడు.

"నీ కంపెనీల ఏం జేస్తరు?"

"చిప్‌లు టెస్ట్ జేస్తం సార్."

"అంటె?"

"తయారీల తప్పులుంటె పట్టుకుంటం."

"మస్తు పట్టుకుంటున్నవ్," అన్నాడు. "తొంభై ఏడు రెండుసార్లొస్తె తెల్వదా నీకు?"

నాకూ రోషం వచ్చింది. "మీరు లైబ్రేరియన్ గద, మీకెందుకు తెల్వలే?"

"నేను ఎనకనుంచి సూసిన."

"నేను ముందునుంచి సదివిన."

"నడిమిట్ల ఇద్దరు కలవలే," అంది అమ్మాయి.

సారు రిజిస్టర్ తన వైపు జరుపుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి పాత వాక్యాన్ని కొట్టేశాడు. కింద రాశాడు: "చింపలేదు. కుట్టినవాని తప్పు."

"సార్, మీరు రిటైరైన్రు. మీ సంతకం చెల్లదు," అంది అమ్మాయి.

"రాసింది నేను. కొట్టేసేది గూడ నేనే," అని సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా దాని మీద ఊదాడు. ఆయనకు కూడా ఆ పదహారు పేజీలు బరువే అయ్యుంటాయని నాకు అప్పుడు తోచింది.

కొత్త కార్డుకు మళ్లీ జామీను కావాలంది అమ్మాయి. పాస్టరయ్య ఇప్పుడు లేడు. సర్పంచ్ ఉత్సాహంగా ముందుకు వచ్చాడు. సారు పెన్ను ఇవ్వలేదు. జామీనుదారు అన్న చోట తనే సంతకం పెట్టి, కార్డును బల్ల మీదుగా నా వైపు తోశాడు.

"గా పుస్తకమే ఇయ్యున్రి," అన్నాను.

"చిరిగిన బీరువలది బయటికియ్యరు. ఇంకోటి తీస్కో."

చేతికి అందినది తీసుకున్నాను. కోళ్ల జబ్బుల మీద పుస్తకం.

"ఈడనే లెక్కవెట్టు," అన్నాడు సారు. "నేను జామీనున్న."

బయట మైకులో నన్ను వేదిక మీదికి పిలుస్తున్నారు. సర్పంచ్ శాలువా పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను కుర్చీలో కూర్చుని ఒకటో పేజీ నుంచి తిప్పాను. సారు తల ఎత్తి చూస్తూనే ఉన్నాడు. నూట పన్నెండు తర్వాత నూట పదమూడు వచ్చింది. ఇద్దరం ఊపిరి వదిలాం.

సభలో సారు మైకు లాక్కుని, నేను చింపలేదని ఊరందరికీ చెప్పాడు. మొదటి వరసలో మా అమ్మ కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టలేదు. కారులో ఇంటికి పోతుంటే కారణం అడిగాను.

"నువ్వు నిజంగనే చింపలేదా బిడ్డా?"

"చింపలేదమ్మా. అప్పుడే చెప్పిన గద."

"మరి ఇన్నేండ్లు నేను జేసిన ప్రార్థన ఏం గావాలె?" అంది. ఆ మాట నిజంగానే ఆమెను బాధపెట్టింది. అంబేద్కర్ బొమ్మ మూల మలుపు దాటేదాకా ఆలోచించి, తర్వాత తేలికపడింది. "పోనీ తియ్. మనకు దెల్వకుంట ఇంకేదన్న జేసే ఉంటవ్. దానికి పనికొస్తది."