నేను రాసిన బైలా, నన్ను తోసిన బైలా

సంఘం పెట్టినవాణ్ణి ఆ సంఘమే వెళ్లగొట్టడానికి మామూలుగా కొన్నేళ్లు పడుతుంది. ముఠాలు కావాలి, కుట్రలు కావాలి. నాకు ఒక్క వారం చాలింది, అదీ ఎవరి సాయమూ లేకుండా. ఆ ఘనకార్యం ఎలా సాధించానో చెబుతాను, నవ్వుకోండి. మీరూ ఏదో ఒక సంఘంలో ఉండే ఉంటారు కనుక కాస్త జాగ్రత్తగా నవ్వండి.

మాది కృష్ణపట్నం రేవుకు దగ్గరి ఊరు. ఊళ్లో తుఫాను షెల్టరు ఉంది. తుఫాను లేని రోజుల్లో అందులో గబ్బిలాల కాపురం. దాన్ని సాయంత్రాలు పిల్లల చదువుగదిగా మార్చాలన్నది టైలరు షమీమక్క ఆలోచన. ఆమె కూతురు నగ్మా పదో తరగతి పాఠాలు కుట్టుమిషన్ల రొదలో చదువుతోంది మరి. కానీ రొయ్యల మేత వ్యాపారి ఒకాయన బస్తాలు వేసుకోవడానికి అదే షెల్టరు అడుగుతున్నాడు. పంచాయతీ సెక్రటరీ తేల్చి చెప్పాడు: "సంఘం పెట్టుకోండి, బైలా రాసుకోండి. వచ్చే ఆదివారం మీ సభకొచ్చి అధ్యక్షుడి చేతికి తాళమిస్తా. లేదంటే బస్తాలకే."

చట్టం పైనుంచి వచ్చి మన మీద పడుతుంది. బైలా అలా కాదు, సంఘం తన మెడకు తానే కట్టుకునే తాడు. నాకప్పుడు పాతికేళ్లు, వాదంలో ఓడినా ఆ సంగతి తెలియని వయసు. తాడు పేనే పని నేనే తీసుకున్నాను. మొదటి నియమం: సభకు ఆలస్యంగా వచ్చినవారు ఎంతటివారైనా, కారణమేదైనా, సభ్యత్వం అక్కడికక్కడే రద్దు.

"కొంచెం సడలించు తమ్ముడూ" అంది షమీమక్క.

"సడలిస్తే అది నియమం కాదక్కా, వేడుకోలు" అన్నాను. చప్పట్లు కొట్టారు. అందరూ సంతకాలు పెట్టారు. నేను అధ్యక్షుణ్ణయ్యాను.

రెండ్రోజుల్లో బైలా అన్న మాట ఊరంతా పాకింది. చేపలమ్మే పోలమ్మ "బేరాలాడబాకండి, నా గంప బైలాలో లేదు" అనేది. మొగుడికి రెండోసారి టీ ఇవ్వడం తమ బైలాకు విరుద్ధమని మా పక్కింటావిడ ప్రకటించింది.

ఆదివారం సభ నాలుగున్నరకు పెట్టాను. కావాలనే. ఆరింటిదాకా రాహుకాలం, మూఢనమ్మకాన్ని దాని ఇంట్లోనే కొట్టాలని. దారిలో టీకొట్టు రమణయ్య ఆపాడు.

"రాహుకాలంలో మొదలుపెడతా ఉండావు, పనయ్యేది కాదబ్బయా."

ఇలాంటి మాట విని ముందుకు నడిచే హేతువాది ఇంకా పుట్టలేదు. గ్రహణాలతో మొదలుపెట్టాను. శ్రీహరికోట రాకెట్ల మీదుగా పంచాంగాల మీదికి దూకాను. రమణయ్య టీ గ్లాసులు కడగడంలో పడ్డాడు. గెలిచాను. గెలిచి గడియారం చూసుకుంటే ఐదు కావస్తోంది. పరుగెత్తాను. తమాషా చూడ్డానికి రమణయ్య కొట్టు వదిలేసి నా వెనకే వచ్చాడు.

సెక్రటరీ తాళంచెవి వేలికి తిప్పుతూ కూర్చున్నాడు. వ్యాపారి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సంఘం కాగితాలు చూసే మా బడి దేవదానం మాస్టారు కళ్లజోడు సవరించుకుని మొదటి నియమం చదివారు, "కారణమేదైనా" దగ్గర ఒత్తి మరీ.

"అది వేరేవాళ్ల కోసం రాసింది మాస్టారూ" అన్నాను.

"వేరేవాళ్లంతా టైముకే వచ్చినారు నాయనా."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గొయ్యి తీసి, సిమెంటు మెట్లు కట్టి, లైటు వేయించి మరీ దిగాను.

"అయితే అధ్యక్షుడు లేనట్టే గదా" అంటూ వ్యాపారి చెయ్యి చాచాడు.

షమీమక్క లేచింది. "అధ్యక్షుడు పోయినాడు గానీ సంఘం పోలేదు. ఇంకొకర్ని ఎన్నుకుంటాం, ఎవురొద్దన్నారు?"

చేతులు లేచాయి. సెక్రటరీ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. గుమ్మం దగ్గర నగ్మా పుస్తకాల సంచిని గట్టిగా గుండెకు హత్తుకుంది.

నన్ను కొత్త సభ్యుడిగా చేర్చుకోమన్నాను. ఒప్పుకున్నారు. అప్పుడు మాస్టారు ఇంకో నియమం చదివారు: "కొత్త సభ్యులు మొదటి సంవత్సరం సభలో మాట్లాడరాదు, వినవలెను." అదీ నా రాతే. నా ఉపన్యాసాలకు ఎవరూ అడ్డురాకూడదని రాసుకున్నాను.

"చూసినావా రాహుకాలం దెబ్బ? పదవి పాయె" అన్నాడు రమణయ్య.

ఆరు ఇంకా కాలేదు. అంటే తాళం మాకు దక్కింది కూడా రాహుకాలంలోనే! నా జన్మలో దొరికిన అతి గొప్ప వాదన. నోరు తెరిచాను. మాస్టారు వేలెత్తారు. మూశాను.

ఆ ఏడాది సభలు చకచకా ముగిశాయి. గబ్బిలాలు పోయి బెంచీలొచ్చాయి. నగ్మా పది పాసై ఇంటర్లో చేరింది. నా గడువు తీరిన రోజున రమణయ్యను షెల్టరుకు పిలిచి, నడుమ నిలబడి గొంతు సవరించుకున్నాను.

"ఆ రోజు తాళం వచ్చిందీ రాహుకాలంలోనే!"

"ఏ రోజబ్బయా?" అన్నాడు రమణయ్య.

నగ్మా పుస్తకంలోంచి తలెత్తింది. "మెల్లగా మామా. చదువుకుంటా ఉండాం."

కనుక పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ సంఘానికైనా నియమం రాయాల్సి వస్తే, దానికి మొట్టమొదట చిక్కేది నేనేనని నమ్మి రాస్తాను. ఈ ఒక్క నమ్మకానికి మాత్రం నన్ను ఎవరూ రుజువడగకండి.