ఎక్స్‌పైర్ అన్న మాటకు ఏడ్చిన అమ్మాయి

అది 2023 చలికాలం. నెల్లూరులోని ఒక ఆసుపత్రిలో స్పైరోమెట్రీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. స్పైరోమెట్రీ అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల బలాన్ని కొలిచే పరీక్ష. రోజంతా “ఊదండి, ఇంకా ఊదండి” అని అరవడమే నా ఉద్యోగం. నా గొంతు పెద్దదని మా ఇంట్లో విసుక్కోవడం అన్యాయం.

ఇందుకూరుపేట వైపు నుంచి శీనయ్య అనే రైతు ఆయాసంతో వచ్చాడు. ఏ మందు ఇవ్వాలో ఈ పరీక్ష చేశాకే తేలుతుంది. ఆయనేమో గాలి ముక్కులోంచి పోకుండా క్లిప్పు పెట్టుకుని, సగంలోనే ఊదడం ఆపేస్తున్నాడు. తెలుగు రాని కొత్త డాక్టరుగారు అది చూసి, “హి ఈజ్ నాట్ ఎక్స్‌పైరింగ్ ఫుల్లీ. లెట్ హిమ్ ఎక్స్‌పైర్,” అని నాకు చెప్పి వెళ్లిపోయారు.

శీనయ్య కూతురు సుజాత తలుపు దగ్గరే ఉంది. డిగ్రీ చదువుతోంది. ఫలానా ఆయన ఎక్స్‌పైర్ అయ్యారని మనం అంటుంటాం కదా, ఆ అర్థమే ఆమెకు తెలుసు. ఒక్క ఉదుటున లోపలికొచ్చి తండ్రి ముక్కు క్లిప్పు పీకేసింది.

“పద నాయనా, ఇంటికి పోదాం. నిన్ను చచ్చిపోనిమ్మంటా ఉండారు వీళ్లు!”

మందు లేకుండా వెళ్లిపోతే ఆ మనిషి గతేమిటని నాకు భయమేసింది. “అట్ట కాదమ్మా, ఊపిరి పూర్తిగా వదలమన్నారు, అంతే,” అన్నాను.

ఆ పిల్ల గొల్లుమంది. “మళ్లీ అదే మాట చెప్తావేందక్కా!”

నిజమే. తెలుగులోనూ ఊపిరి వదలడమంటే అదే! నా తెలివికి నాకే ఒళ్లు మండింది. ఆమెను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. లాటిన్‌లో ‘స్పిరారే’ అంటే శ్వాసించడం. ఇన్‌స్పైర్ అంటే గాలి లోపలికి, ఎక్స్‌పైర్ అంటే బయటికి. ఆఖరి శ్వాస కూడా బయటికే పోతుంది కాబట్టి చావుకూ ఆ మాటే వాడారు. డాక్టర్లలో మాత్రం పాత అర్థం కూడా వాడుకలోనే ఉంది.

సుజాత కళ్లు తుడుచుకుంది. “అయితే మందు సీసా మింద ఎక్స్‌పైరీ కూడా ఈ ఊపిరేనా అక్కా?”

“అదీ ఇదేనమ్మా.”

అంతసేపూ అయోమయంగా చూస్తున్న శీనయ్య, “నేను ఊదింది చాల్లేదనేనా ఇంత గోల? ఇటీ, మళ్లీ ఊదతా,” అని గొట్టం అందుకున్నాడు.

ఈసారి నాకు పని లేకుండా పోయింది. “ఊదు నాయనా, ఊదు!” అని సుజాతే అరిచింది. ఊపిరిని చూపించే యంత్రం తెరమీద గీత చివరిదాకా వచ్చింది.

జరిగింది డాక్టరుగారికి చెప్పాను. మర్నాడు తెలుగులో ఒక్క మాట నేర్చుకుని వచ్చారు: “ఊదండి.” ఒక మాటకు ఎన్ని అర్థాలున్నా, రోగి బిడ్డ చెవికి ముందుగా వినిపించేది చావేనని నాకు ఆరోజే తెలిసింది.